తెలిసిన విషయాలకే పేటెంట్లు ఇచ్చేస్తున్నారా?

పెన్నాతీరం:
రెండు రొట్టె ముక్కల మధ్య వేరుశనగ వెన్న, జామ్ పెట్టి, గట్టి అంచులు కోసేసి, చుట్టూ నొక్కి మూసెయ్యడం కొత్త ఆవిష్కరణేనా? 1999 డిసెంబరులో అమెరికా పేటెంట్ ఆఫీసు అవుననే చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో, ఒకే క్లిక్‌తో కొనే పద్ధతికి అమెజాన్‌కి పేటెంట్ వచ్చింది. నెల తిరక్కుండానే వాళ్లు పుస్తకాలమ్మే పోటీ కంపెనీ బార్న్స్ అండ్ నోబుల్ మీద కేసు వేశారు. డిసెంబరులో, పండగ అమ్మకాలు జోరుగా సాగే వేళ, ఆ కంపెనీ ఆ పద్ధతి వాడకూడదంటూ కోర్టు నిలుపుదల ఉత్తర్వు ఇచ్చింది. పై కోర్టు 2001 ఫిబ్రవరిలో, ఆ పేటెంట్ చెల్లుబాటు మీదే గట్టి సందేహాలున్నాయంటూ ఉత్తర్వు కొట్టేసింది. ఈలోగా రెండు క్రిస్మస్ సీజన్లు గడిచిపోయాయి. పేటెంట్ తర్వాత నిలుస్తుందా లేదా అన్నది సరే, జరగాల్సిన నష్టం ముందే జరిగిపోతోంది. ఇంత సులువుగా ఇవ్వకూడదన్నది నా వాదన.

చిటికి:
నిజమండీ. ఉయ్యాలలో కూర్చుని గొలుసుల్ని ఒకదాని తర్వాత ఒకటి లాగుతూ పక్కలకి ఊగడానికి కూడా 2002లో అక్కడ పేటెంట్ ఇచ్చారు. తర్వాత రద్దు చేశారు.

మగ్గంవాడ:
ఇలాంటి విడ్డూరాలు చూపించి నిబంధనలు బిగిస్తే ముందు నలిగేది చిన్నవాళ్లే. చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రాన్ని చూడండి. పోచంపల్లి చీరకి రంగులద్దే ముందు నూలుని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ చేత్తో పోయాలి, దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆ పని మా ఇళ్లలో ఆడవాళ్లదే, భుజాలు పడిపోయేవి. వాళ్లమ్మ బాధ చూడలేక ఆయన 1992లో మొదలుపెడితే యంత్రం పూర్తయ్యేసరికి 1999 అయింది. ఇప్పుడు చూసినవాళ్లు 'మోటారు, దారం తిప్పే చెయ్యి, మేకులు, ఇందులో ఏముంది?' అంటారు. చేసి చూపించాక అన్నీ సులువుగానే కనిపిస్తాయి. ఆఫీసులో కూర్చున్నవాళ్లు కూడా అలాగే అంటే మల్లేశం లాంటివాళ్లకి దిక్కెవరు?

బాలానగర్ కెమిస్టు:
మగ్గంవాడ గారూ, మీ ఉదాహరణ నిజానికి పెన్నాతీరం గారి వైపే నిలుస్తుంది. చట్టం అడిగేది సులువా కష్టమా అని కాదు. ఆ పనిలో నైపుణ్యం ఉన్న మనిషికి మామూలుగా తట్టేదేనా అని అడుగుతుంది. తరతరాలుగా ఆసు పోసినవాళ్లకి పని తెలుసు, నొప్పీ తెలుసు. అయినా యంత్రం రాలేదు. అది తట్టే విషయం కాదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

దీనికి పూర్తిగా ఎదురు కేసు మా మందుల్లో ఉంది. ఒక మాలిక్యూల్ దొరికాక దాని స్ఫటిక రూపాలు, అంటే అవే అణువులు వేరే వరసల్లో పేర్చుకున్న రూపాలు, వెతకడం మాకు రోజువారీ పని. సాల్వెంట్ మారుస్తాం, చల్లబరిచే వేగం మారుస్తాం, వచ్చిన పొడిని ఎక్స్‌రే కింద పెట్టి పీక్‌లు చూస్తాం. బయటివాళ్లకి ఇది మహా జటిలంగా ఉంటుంది, కొత్తగా చేరిన కుర్రాడు కూడా చేస్తాడు. రక్త క్యాన్సర్ మందు గ్లివెక్ విషయంలో నోవార్టిస్ ఇక్కడ అడిగింది అలాంటి బీటా స్ఫటిక రూపానికే. మన హైదరాబాద్ నాట్కోతో పాటు సిప్లా, క్యాన్సర్ రోగుల సంఘం అభ్యంతరం చెప్పాయి. 2006లో చెన్నై ఆఫీసు తిరస్కరించింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కూడా పేటెంట్ చట్టం సెక్షన్ 3(డి) కింద అదే ఖాయం చేసింది. తెలిసిన మందుకి కొత్త రూపం వస్తే, అది మరింత బాగా పనిచేస్తేనే పేటెంట్ అంటుందది. నెలకి లక్షా ఇరవై వేలయ్యే మందు, జనరిక్‌లో ఎనిమిది పది వేలకి దొరికేది. ఆ తేడా ఎన్ని ఇళ్లు నిలబెట్టిందో ఆలోచించండి.

పెన్నాతీరం:
నేను చెప్పాలనుకున్నదీ ఇదే. గ్లివెక్‌ని ఆపింది పేటెంట్ ఇవ్వకముందే అభ్యంతరం చెప్పే హక్కు. మన చట్టంలో అది ఎవరికైనా ఉంది. క్షయ మందు బెడాక్విలిన్ మీద జాన్సన్ అండ్ జాన్సన్ వేసిన రెండో పేటెంట్ దరఖాస్తు నెగ్గితే, వాళ్ల గుత్తాధిపత్యం 2027 దాకా సాగేది. ఆ జబ్బు నుంచి బయటపడిన ఇద్దరు మహిళలు కూడా అభ్యంతరం వేశారు, 2023 మార్చిలో ఆ దరఖాస్తు తిరస్కరించారు. అలాంటి హక్కుకి 2024 మార్చి నిబంధనల్లో ఫీజు పెట్టారు. అంతకుముందు అది ఉచితం. పైగా అభ్యంతరం విచారణకి తగినదా కాదా అని పేటెంట్ ఆఫీసులో నిర్ణయం తీసుకునే అధికారి, అంటే కంట్రోలర్, ముందే తేలుస్తారట. దరఖాస్తులు పరిశీలించే ఎగ్జామినర్‌కి ఒక్కోదానికి దొరికే సమయం తక్కువ. ఆ లోటు పూడ్చేది బయటివాళ్ల అభ్యంతరాలే. వాటికే అడ్డుకట్ట వేస్తే ఎలా?

మగ్గంవాడ:
కెమిస్టు గారి కొలమానం నాకు సమ్మతమే. భయం మాత్రం పోలేదు. గేటు బార్లా తెరిచి ఉంటే, పెద్ద కంపెనీ ఎవరెవరి పేర్లతోనో వరసగా అభ్యంతరాలు వేయించి చిన్నవాడి దరఖాస్తుని ఏళ్ల తరబడి తొక్కిపెట్టగలదు. చేనేత ఇంటి కుర్రాడు లాయర్‌ని పెట్టుకుని ఎన్నిటికి జవాబిస్తాడు?

బాలానగర్ కెమిస్టు:
ఆ భయం న్యాయమైనదే. దానికి మందు ఫీజు కాదు, గడువు. అభ్యంతరాలన్నీ ఒకే విచారణలో విని, ఫలానా తేదీలోగా తేల్చాలని కంట్రోలర్‌ని కట్టడి చెయ్యాలి. వ్యక్తులకీ రోగుల సంఘాలకీ ఫీజు ఎత్తెయ్యాలి, కంపెనీలు కట్టుకోనీ.