అమెరికాలో ఊర్లకు ఊర్లే ఇడిసిపెట్టి పోయినారంట, యాల?

అనంతపురం సీను:
నిన్న నిద్ర పట్టక యూట్యూబ్‌లో చూసినా, కాలిఫోర్నియాలో బోడీ అని ఒక ఊరు, ఇండ్లు, అంగట్లో సరుకు అన్నీ అట్లే ఉండాయి, మనిషి మాత్రం లేడు. మా పక్క కరువుకు బెంగళూరు పోయినా ముసిలోళ్లు ఊర్లోనే ఉంటారు, ఉగాదికన్నా అందరూ వస్తారు. వీళ్లేంది మొత్తానికే పోయినారు? వీడియో వాడు దయ్యాలంటాండాడు, నాకైతే నమ్మబుద్ధి కాలే.

ధర్మవరం బాబు:
దయ్యమూ లేదు గియ్యమూ లేదప్పా, బంగారం అయిపోయింది అంతే. 1880 టైంలో ఆడ వేలమంది ఉన్నారు, గని తగ్గేకొద్దీ కూలోళ్లు ఇంకో గని చూసుకున్నారు, 1932లో మంటలు లేచి ఊరు చానా భాగం కాలిపోయింది. మన రామగిరిలో కూడా బంగారు గని మూసేసినారు గదా, ఊరు పోయిందా? గనికి ముందునుంచే సేద్యం ఉండే ఊరది. బోడీ గని కోసమే పుట్టింది, 8 వేల అడుగుల ఎత్తులో, మంచులో ఏం పండించుకొని ఉంటారు?

కడప రెడ్డెమ్మ:
అన్ని ఊర్లూ అట్ల కాదు తమ్ముడూ. పెన్సిల్వేనియాలో సెంట్రేలియా అని ఉంది, 1962లో ఊరి కింద బొగ్గుకు నిప్పు అంటుకుంది, ఇప్పటికీ మండుతానే ఉంది. 1981లో 12 ఏండ్ల పిల్లోని కాళ్ల కింద నేల కుంగింది, ఇంకో పిల్లోడు చెయ్యి పట్టి లాగినాడు కాబట్టి బతికినాడు. 1984లో 4 కోట్ల 20 లక్షల డాలర్లు ఇచ్చి జనాన్ని కదిలించినారు, 2002లో పిన్‌కోడ్ కూడా తీసేసినారు, అయినా కొందరు పోమంటే పోమని కోర్టుకెక్కి, చచ్చేదాకా ఉండేట్టు 2013లో ఒప్పందం చేసుకున్నారు. మాది గండికోట ముంపు ఊరు. నీళ్లు వాకిట్లోకి వచ్చేదాకా మా జేజి కదల్లే, అందుకే ఆ మొండోళ్లంటే నాకు ఇష్టం.

నందికొట్కూరు:
హూవర్ డ్యామ్ నీళ్లలో సెయింట్ థామస్ అనే ఊరు మునిగింది, 1938లో కడాకు ఉన్నాయన పడవెక్కి పోయినాడు, కరువొచ్చి నీళ్లు తగ్గితే పునాదులు తేల్తాయి. మా అబ్బది శ్రీశైలం ముంపు, సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు పోతే నీళ్ల దిక్కు చెయ్యి చూపించి మన కళ్లం ఆడ అంటాడు, నాకేమో నీళ్లే కనిపిస్తాయి.

అనంతపురం సీను:
అన్నా, ఈసారి గుడి ఎప్పుడు తేల్తుంది? బైకులో రావచ్చా?

నందికొట్కూరు:
నీళ్లను బట్టి. ఎండాకాలంలో మెసేజ్ పెట్టు, అబ్బను కూడా తోలుకొస్తా.