పొద్దున 6 నుంచి 10 దాక సడలింపు: రెండు కుర్చీల సెలూన్ నడిపేదెట్లా? సలహా చెప్పండి

జనగామ రెండు కుర్చీలు (24 మే 2021, రాత్రి)

అన్నలందరికీ నమస్తే. మాది జనగామ, లోపలి గల్లీల చిన్న షాపు. నాతోని పనికి ఒక తమ్ముడు ఉండె, 12వ తారీఖు లాక్‌డౌన్ పడంగనే ఊరికి పోయిండు. కిరాయి 4,500. పోయినేడు ముద్రా లోన్ 50,000 తీసుకొని కుర్చీలు మార్చిన, ఇంకా 34,000 కట్టేది ఉంది.

ఆరింటికి షట్టర్ లేపితే ఏడున్నర దాక ఎవ్వరూ రారు. తొమ్మిదింటికి ఒక్కసారే ఎనిమిది మంది వచ్చి నిలబడుతరు. మొన్న ఒకాయనకు ఎడమ పక్క అయింది, కుడి పక్క మొదలు పెట్టంగనే పోలీసు బండి సైరన్ వినబడ్డది. షట్టర్ దించిన. టోపీ పెట్టుకొని పోయిండు పాపం, తెల్లారి వచ్చి మిగిలింది చేయించుకున్నడు. పైసలు ఒక్క కటింగ్‌వే తీసుకున్న.

మా నాన్న సన్నాయి ఊదుతడు. పెళ్ళికి 40 మందే అన్నప్పటి సంది ఆ పిలుపులు లేవు. దినాలకు గుండ్లు చేయనీకి మాత్రం నన్ను మస్తు పిలుస్తున్నరు. కరోనాతోని పోయినోళ్ళ ఇండ్లే ఎక్కువ. పోకుంటే ఊర్ల మాట వస్తది, పోతే ఇంట్ల నాన్నకు 63 ఏండ్లు, షుగర్ ఉంది. ఏం చెయ్యాలె? కిరాయి, కిస్తీ సంగతి కూడ ఎవరన్న చెప్పండి.

హన్మకొండ అద్దం షాపు

తమ్మీ, ముందుగాల గిరాకీని పుస్తకంల ఎక్కియ్యి. నేను 14వ తారీఖు నుంచి గిట్లనే చేస్తున్న. షట్టర్ మీద ఫోన్ నంబర్ రాసి పెట్టిన, ముందురోజు సాయంత్రం ఫోన్ చేసినోళ్ళకే టైం. కటింగ్‌కు 20 నిమిషాలు, కుర్చీ తుడిచి సామాను కడిగేటందుకు 5. ఆఖరు మనిషిని 9:05కు కూర్చోబెడుత, 9:30కు షట్టర్ దించుత. ఒక్క కుర్చీకి 8 మంది అయితరు, అంతకంటె కారు. ఆ 8 మందినైతే మధ్యల లేపి పంపుడు ఉండదు.

ఆరింటికి ఎవరు వస్తరంటవు. రిటైరైన సార్లను, పొద్దున పాలకు వచ్చేటోళ్ళను అడుగు. వాళ్ళు నాలుగింటికే లేచి కూర్చుంటరు. ఉద్యోగం చేసేటోళ్ళకు ఎనిమిది తర్వాత ఇయ్యి.

ఇంకోటి, మంగళవారం కూడ తీస్తున్న. మా నాన్న ఉంటే షాపు ముందల కూర్చొని తిడుతుండె. మంగళవారం కటింగ్ చేయించుకోనోళ్ళు ఎట్లైనా రారు, కాని ముగ్గురు నలుగురు వస్తున్నరు. ఇంట్ల ట్రిమ్మర్‌తోని భార్య కొట్టిన నెత్తులను సరిచేసుడే సగం పని. వాళ్ళకు వారం వర్జ్యం ఏం ఉండదు.

తెనాలి కటింగ్

మాకిక్కడ 5వ తేదీ నుంచి ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 వరకు ఉంది బ్రదర్, మీకంటే రెండు గంటలు ఎక్కువ. అయినా సగం రోజు సగం రోజే. పోయినేడాది జూన్ 10న జగనన్న చేదోడు కింద షాపున్న నాయీబ్రాహ్మణులకు, రజకులకు, టైలర్లకు 10,000 చొప్పున వేశారు. అది ఏపీ వాళ్ళకే. మీకు ఏప్రిల్ 1 నుంచి సెలూన్లకు నెలకు 250 యూనిట్లు ఉచితం అన్నారు కదా, పెట్టుకున్నారా? ఏసీ లేని షాపుకి 250 దాటదు.

జనగామ రెండు కుర్చీలు

పెట్టలేదన్నా. మీటర్ ఓనర్ పేరు మీద ఉంది.

హన్మకొండ అద్దం షాపు

నాకు అడిగినవి చెప్తున్న: కుల సర్టిఫికెట్, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్, కిరాయి అగ్రిమెంట్, షాపు ముందల నిలబడ్డ ఫొటో, మీటర్ నంబర్. బీసీ సంక్షేమ శాఖ వాళ్ళ ఆన్‌లైన్ దరఖాస్తు, మీసేవ పిల్లగాడు చేసి పెడుతడు. కిరాయి అగ్రిమెంట్ లేకపోతే ఇప్పుడే రాయించుకో, ఓనర్‌తో కిరాయి ముచ్చట కూడ అప్పుడే తీయొచ్చు. తారీఖు దాటినంక ముఖం చాటేస్తే ఓనర్‌కు కోపం వస్తది. 5వ తారీఖు రాకముందే పోయి, ఈ నెల 2,000 ఇస్త, మిగిలిన 2,500 ఆగస్టు నుంచి నెలకు 500 కలుపుత అని చెప్పి కాగితం మీద రాసియ్యి. మా ఓనర్ ఒప్పుకున్నడు. అద్దాలు, నల్లా పైపులు పీకి ఇంకో షాపుకు పోవుడు కంటె ఇదే నయం, వాళ్ళకు కూడ ఇప్పుడు కొత్త కిరాయిదారు దొరకడు.

బ్యాంకు రిటైర్డ్ (నల్గొండ)

కిస్తీ విషయం నేను చెబుతాను. పోయినేడాది మార్చి నుంచి ఆగస్టు దాకా అందరికీ మారటోరియం, అంటే కిస్తీలు వాయిదా వేసుకునే వీలు ఇచ్చారు, ఈసారి అలా లేదు. ఈ మే 5న రిజర్వు బ్యాంకు చెప్పింది వేరు: చిన్న వ్యాపారుల అప్పును బ్యాంకులు కొత్త గడువులతో సర్దవచ్చు, సెప్టెంబరు 30 లోపు ఆ పని మొదలు కావాలి. మార్చి 31 నాటికి మీ ఖాతా సరిగ్గా నడుస్తూ ఉండాలి, ఇంతకుముందు ఇలా సర్దించుకుని ఉండకూడదు. ఎవరూ మీకు ఫోన్ చేసి చెప్పరు. మీరే బ్రాంచికి వెళ్ళి దరఖాస్తు ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి.

వడ్డీ ఆగదని తెలుసుకొని అడగండి. 34,000కి ఏడాదికి 10 శాతం అనుకుంటే నెలకు 280 చిల్లర. మూడు నెలలు ఆపితే 850 దాకా మీద పడుతుంది. కిస్తీ కట్టడానికని బయట నూటికి 5 రూపాయల వడ్డీకి అదే 34,000 తెస్తే ఒక్క నెలకే 1,700. లెక్క మీరే చూసుకోండి. పీఎం స్వనిధి కింద 10,000 అప్పు ఇస్తారని ఎవరైనా చెబితే, అది వీధి వ్యాపారులకు. చెట్టు కింద కుర్చీ వేసుకునే వాళ్ళు తీసుకోవచ్చు, షట్టర్ షాపుకు కుదరదు.

ల్యాబ్ టెక్నీషియన్, కాజీపేట

అన్నా, నాది రోజూ శాంపిళ్ళ పనే కాబట్టి శుభ్రం సంగతి చెప్త. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ డబ్బా తెచ్చుకొని, ఒక వంతు దానికి నాలుగు వంతుల నీళ్ళు కలిపితే 1 శాతం అయితది. నేల, కుర్చీ చేతులు, కౌంటర్ దానితో. ఏ రోజుది ఆ రోజే కలుపు. బాత్రూం కడిగే యాసిడ్‌తో మాత్రం కలపకు, గ్యాస్ వస్తది, ఊపిరాడదు. కత్తెర, ట్రిమ్మర్ బ్లేడ్లు దాంట్ల వెయ్యొద్దు, తుప్పు పడుతయి. వాటికి సబ్బు నీళ్ళు, తర్వాత 70 శాతం స్పిరిట్. ముందు వెంట్రుకలు దులపకుండా స్పిరిట్ కొడితే లాభం లేదు, చాలామంది అక్కడ్నే తప్పు చేస్తున్నరు.

మాస్కు సంగతి. పోయినేడు అమెరికాలో, మిస్సోరీ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక సెలూన్‌ల ఇద్దరు కటింగ్ చేసేటోళ్ళకు కరోనా వచ్చింది. లక్షణాలు మొదలైనంక కూడ పని చేసిన్రు. మొత్తం 139 మంది కస్టమర్లు. టెస్టు చేయించుకున్న 67 మందిల ఒక్కరికీ పాజిటివ్ రాలేదు. రెండు వైపులా మాస్కులు ఉండె. కాబట్టి నువ్వు పెట్టుకునుడు ఒక్కటే కాదు, కూర్చున్నాయన కూడ పెట్టుకోవాలె. కిటికీలు తెరువు, బ్లోయర్ బంద్ పెట్టు. గడ్డం మాత్రం ఇప్పుడు వద్దు, మాస్కు తీయంది అయ్యే పని కాదది.

జనగామ రెండు కుర్చీలు

చెవి దగ్గర మాస్కు తాడు అడ్డం వస్తది కద తమ్మీ?

హన్మకొండ అద్దం షాపు

ఒక పక్క తాడు తీసి, మాస్కును చేత్తో ముక్కుకు ఒత్తి పట్టుకోమని చెప్పాలె. ఆ పక్క అయినంక తగిలించుకొని రెండో పక్క. రెండు రోజుల్ల అలవాటైతరు. గడ్డం వద్దంటే నాకు రోజుకు 200 పోతున్నయి, కాని ల్యాబ్ తమ్ముడు చెప్పింది నిజమే, నేను కూడ బంద్ పెట్టిన.

పెద్దాయన, ఆలేరు

బాబూ, దినాల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్త. నలభై ఏండ్ల సంది చేస్తున్న. పోనని అనకు. చావు జరిగిన ఇంట్ల మనం పోకపోతే వాళ్ళ పని ఆగిపోతది. కాని పోయే పద్ధతి మార్చు. పిలువ వచ్చినాయనను మొహమాటం లేకుండ అడుగు: ఇంట్ల ఇంకెవరికన్న వచ్చిందా, ఏ తారీఖు వచ్చింది? పాజిటివ్ వచ్చి 10 రోజులు నిండి, ఆఖరు మూడు రోజులు జ్వరం లేకుండ ఉన్నోళ్ళకే చేస్తనని చెప్పు. మిగిలినోళ్ళు తర్వాత తీయించుకుంటరు. ఈ ఏడు అందరూ ఒప్పుకుంటున్నరు.

ఇంట్ల కాదు, చెరువు కట్ట మీదనో బాయి కాడనో పెట్టమను. నువ్వు వెనుక నిలబడి గుండు చెయ్యి, వాళ్ళకు మాస్కు ఉండనియ్యి. మీసం, గడ్డం ఆఖరుకు పెట్టుకో, మాటలు లేకుండ చెయ్యి. ఒక్కొక్కరికి కొత్త సగం బ్లేడు, వాడినవి మందం డబ్బాల వెయ్యి. మీ నాన్నను తోలకు. ఇంటికి పోంగనే బట్టలు బయట్నే సర్ఫ్ నీళ్ళల్ల వేసి స్నానం చెయ్యి. మీ నాన్నకు 45 దాటినయి కద, కరోనా సూది వేయించినవా? ఆ సంగతి నువ్వు రాయనే లేదు.

జనగామ రెండు కుర్చీలు

ఒక్కటి అయింది బాపూ, రెండోది ఇంకా పడలేదు.

జనగామ రెండు కుర్చీలు (1 జూన్)

నిన్నటి సంది 1 గంట దాక టైం పెంచిన్రు, ఇంటికి చేరేటందుకు ఇంకో గంట. పుస్తకం పెట్టిన. మొదటి రోజు ఒకాయన లొల్లి చేసిండు, కటింగ్‌కు కూడ అపాయింట్‌మెంట్ ఏందని. ఇవ్వాళ ఆయనే పొద్దున 6:30కు టైం తీసుకున్నడు. కిరాయి కాగితం రాసిచ్చిన, ఓనరమ్మ ఒప్పుకున్నది. కాని కరెంటు దరఖాస్తుకు ట్రేడ్ లైసెన్స్ పాతదైపోయింది, అది కట్టుకోవాలె. చెరువు కాడ రెండు దినాలు చేసిన. ఒక ఇంటోళ్ళకు తారీఖు అడిగితే ఒక కొడుకుకు ఆరు రోజులే అయిందని ఒప్పుకున్నరు. ఆయనను పక్కకు నిలబెట్టి మిగిలినోళ్ళకు చేసిన. ఆయన నా దిక్కు చూసిన చూపు ఇంకా కండ్లల్లనే ఉంది.

పెద్దాయన, ఆలేరు

ఆయన ఇంటికి నెల తర్వాత నువ్వే పోయి గుండు చేసి రా. పైసలు తీసుకోకు.

జనగామ రెండు కుర్చీలు (20 జూన్, ఆదివారం)

10వ తారీఖు నుంచి సాయంత్రం 5 దాక ఉండె, నిన్న లాక్‌డౌన్ మొత్తం ఎత్తేసిన్రు. అందుల ఇవ్వాళ ఆదివారం. 23 మంది. నిలబడి నిలబడి కాళ్ళు గుంజుతున్నయి. ఆ కొడుకు ఇంటికి 14న పోయివచ్చిన బాపూ, నెల దాక ఆగబుద్ధి కాలే. బ్యాంకుల దరఖాస్తు ఇచ్చిన, ముద్ర వేసిన్రు, ఇంకా ఏం చెప్పలే.

ఊరికి పోయిన తమ్ముడు ఫోన్ చేసిండు, వస్తనన్నడు. ఇంతకుముందు రోజుకు 400 ఇస్తుంటి. ఇప్పుడు గిరాకీ ఎట్లుంటదో తెల్వది, అందుకే కటింగ్‌ల సగం సగం అంటున్న. సామాను, కరెంటు నాదే. మీ దగ్గర ఎంత నడుస్తంది అన్నలూ, సగమా, నలభై శాతమా?

హన్మకొండ అద్దం షాపు

సగమే ఇయ్యి. కాని రెండో కుర్చీకి వేరే పుస్తకం పెట్టు, ఎవరి గిరాకీ ఎవరిదో రాత్రి కొట్లాడుకోకుండ.