2 అంగుళాల లిఫ్ట్, పెద్ద టైర్లు వేశాక పికప్ లాగడం లేదు. తప్పు దేనిది?

చెరువుగట్టు:
నాది డీజిల్ పికప్, ఫోర్ వీల్ డ్రైవ్. నెల క్రితం బండి ఎత్తు పెంచే 2 అంగుళాల లిఫ్ట్ కిట్ వేయించి, 265/65ఆర్17 టైర్లు తీసేసి 285/70ఆర్17 మడ్ టైర్లు ఎక్కించాను. అంతకుముందు లీటరుకు 11 వచ్చేది, ఇప్పుడు 9.4. ఎత్తు ఎక్కాలంటే ఒక గేరు దించాల్సిందే. ఇది సస్పెన్షన్ వల్లా, టైర్ల వల్లా? వేసినతను మాత్రం "కొత్తలో అలాగే ఉంటుంది, సర్దుకుంటుంది" అంటున్నాడు.

గేర్‌బాక్స్:
మైలేజ్ మీరనుకున్నంత తగ్గలేదు బ్రదర్, మీటరు తక్కువ చూపిస్తోంది. పాత టైరు వ్యాసం 776 మి.మీ., కొత్తది 831. అంటే 7 శాతం పెద్దది. బండి 107 కిలోమీటర్లు పోతే మీటరులో 100 పడుతుంది. 9.4ని 1.07తో గుణించి చూడండి, 10 దాటుతుంది. ఇక పవర్ అంటారా, ఇంజన్‌ని ఎవరూ ముట్టుకోలేదు. ఎంతుందో అంతే ఉంది.

బోల్టునట్టు:
ముందు ఫోటో పెట్టండి.

పాతబండి:
"పవర్ అంతే ఉంది." ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. నేనూ వేయించాను లిఫ్ట్. రెండు నెలలకే ముందు టైర్లు లోపలి అంచున అరిగిపోయి నున్నగా అయ్యాయి. స్టీరింగ్ ఒక పక్కకు లాగేది, డీజిల్ నీళ్లలా తాగేది. అన్నిటికీ మూలం లిఫ్టే. తీసేయించు తమ్ముడూ.

గేర్‌బాక్స్:
లిఫ్ట్ వేశాక అలైన్‌మెంట్ చేయించారా? చేయించకపోతే చక్రాలు తిన్నగా దొర్లవు, రోడ్డును రాసుకుంటూ పోతాయి. పనివాడి తప్పును కిట్ మీద వేస్తే ఎలా?
లిఫ్ట్ వల్ల గాలి దెబ్బ పెరుగుతుంది, నిజమే. కానీ అది హైవే వేగంలోనే తెలుస్తుంది, 40లో పోయేవాడికి లెక్కలోకి రాదు. అసలు భారం టైర్లది. బరువు ఎక్కువ, అదీ అంచు దగ్గర, కాబట్టి కదిలించడానికి ఎక్కువ శ్రమ. మడ్ టైరు మీది రబ్బరు గడ్డలు నలిగి నలిగి వేడెక్కుతాయి, ఆ వేడి కూడా మీ డీజిలే. పైగా చక్రం పెద్దదైతే గేరింగ్ మారినట్టే. డిఫరెన్షియల్ (చక్రాలను తిప్పే ఇరుసు గేర్లు) నిష్పత్తి 3.9 ఉన్న బండి 3.64 ఉన్నదానిలా నడుస్తుంది, ఆ అంకె తగ్గితే లాగుడూ తగ్గుతుంది.

పాతబండి:
పవర్ తగ్గిందంటే నేను చెప్పేదీ అదే కదా!

గేర్‌బాక్స్:
కాదు. తగ్గింది నేల మీద లాగుడు. పవర్ వేరు, లాగుడు వేరు.

నిశాచరి:
ఇద్దరూ ఒకటే చెప్తున్నారు. మరి ఈ కొట్లాట దేనికి?

పాతబండి:
దేనికో నేను చెప్తాను. రెండేళ్ల క్రితం ఇదే ప్రశ్న ఇక్కడే నేనడిగాను. "ఇంజన్ పవర్ ఏమీ తగ్గదు, ధైర్యంగా వేయించుకోండి" అని రాసింది గేర్‌బాక్స్ గారే. నమ్మి వేయించుకున్నాను. లోడు వేసుకుని కొండ దారి ఎక్కుతుంటే లారీలు హారన్ కొడుతూ దాటిపోయేవి. తర్వాత ఇంకో చర్చలో చూస్తే, తన బండికి పెద్ద టైర్లతో పాటు డిఫరెన్షియల్ గేర్లూ మార్పించుకున్నాడట. ఆ ముక్క నాకెందుకు చెప్పలేదు?

గేర్‌బాక్స్:
మీరు అడిగింది పవర్ గురించి. దానికి జవాబిచ్చాను.

పాతబండి:
చూశారా!

నిశాచరి:
గేర్‌బాక్స్ గారూ, ఇది బాగాలేదు.

గేర్‌బాక్స్:
సరే. గేర్ల సంగతి అప్పుడే చెప్పాల్సింది. 4.3 వేయించాను, ముందు డిఫరెన్షియల్‌కీ వెనక దానికీ. ఒకదానికే మారిస్తే ఫోర్ వీల్ వేసినప్పుడు రెండూ ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి, ఏదో ఒకటి విరుగుతుంది. టైర్ల కంటే ఆ పనికే ఎక్కువ వదిలింది, అది ఒప్పుకోవడానికి మనసు రాలేదు. అయినా పవర్ గురించి నేనన్నది తప్పు కాదు.

చెరువుగట్టు:
అన్నలూ, ప్రశ్న నాది 🙂 పాత టైర్లు షెడ్డులోనే ఉన్నాయి. లిఫ్ట్ అలాగే ఉంచి అవి తగిలించి నడుపుతాను, తర్వాత మళ్లీ కొత్తవి. అదే దారి, ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్, దూరం జీపీఎస్‌లో. సరిపోతుందా?

గేర్‌బాక్స్:
వేగం కూడా జీపీఎస్‌లోనే చూడండి. పెద్ద టైర్లతో మీటరు 100 అన్నప్పుడు పాత లెక్కన మీరు 107లో ఉన్నారు. ఆ 7కే బండికి ఎదురుగాలి ఒత్తిడి 14 శాతం పెరుగుతుంది. నెలంతా తెలియకుండానే వేగంగా నడిపి ఉంటారు. టైర్లలో గాలి మాత్రం చల్లగా ఉన్నప్పుడే కొలవండి.

పాతబండి:
అదంతా తర్వాత. ముందు వేరే షాపులో అలైన్‌మెంట్ చూపించు తమ్ముడూ. వేసినవాడి దగ్గర మాత్రం కాదు.

బోల్టునట్టు:
ఫోటో ఇంకా రాలేదు.