న్యూ ఆర్డర్ 'సెరెమనీ': రెండింటిలో అసలైనది ఏది?

ప్రశ్న:
బ్రిటిష్ రాక్ బ్యాండ్ న్యూ ఆర్డర్ మొదటి సింగిల్ 'సెరెమనీ' రెండు రకాలుగా దొరుకుతోంది. నాకు 'సబ్‌స్టెన్స్' ఆల్బమ్‌లో ఉన్నది అలవాటు. నిన్న ఇంకోటి విన్నాను, డ్రమ్స్ ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టున్నాయి. అసలైనది ఏదండీ?

జవాబు 1:
రెండూ 1981వే. మార్చిలో వచ్చింది అప్పటికి బ్యాండ్‌లో ఉన్న ముగ్గురే వాయించింది. కీబోర్డు, గిటారు వాయించే గిలియన్ గిల్బర్ట్ చేరాక మళ్లీ రికార్డు చేసి సెప్టెంబర్‌లో విడుదల చేశారు. మీకు అలవాటైంది ఈ రెండోది.

జవాబు 2:
ఆ రెండింటికంటే ముందు జాయ్ డివిజన్ బ్యాండ్ దగ్గరికి వెళ్లండి, పాట వాళ్లదే. అందులో మిగిలినవాళ్లే తర్వాత న్యూ ఆర్డర్ అయ్యారు. 1980 మే 2న బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో చేసిన ఆఖరి కచేరీలో వాయించారు. ఆ రికార్డింగ్ వాళ్ల 'స్టిల్' ఆల్బమ్‌లో ఉంది. మొదట్లో వాళ్ల గాయకుడు ఇయాన్ కర్టిస్ గొంతు దాదాపు వినపడదు, పాట కొంత నడిచాక గానీ పైకి రాదు. అదే నెల 18న ఆయన చనిపోయారు. పాట మాటలు రాసిన కాగితం లేక, మిగిలినవాళ్లు పాత టేపును ఈక్వలైజర్‌లో (శబ్దంలో కావలసిన స్థాయిల్ని పెంచి తగ్గించే పరికరం) వేసి ఒక్కో మాటా పట్టుకున్నారు. అది తెలిసి మార్చి వెర్షన్ వింటే కర్టిస్ స్థానంలో పాడిన బెర్నార్డ్ సమ్నర్ గొంతులోని బెరుకు నాకు లోపంగా అనిపించదు. స్నేహితుడి పాటను భయపడుతూనే మోస్తున్నాడు. సెప్టెంబర్‌ది శుభ్రంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ నా మనసు మొదటిదానిమీదే. పీటర్ హుక్ బేస్ గిటార్ మొదలయ్యే చోటు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

ప్రశ్న అడిగినవారు:
'స్టిల్'లోది ఇప్పుడే విన్నాను. గొంతు పైకొచ్చిన చోట ఒళ్లు జలదరించింది. ఇంకేమైనా ఉన్నాయా?

జవాబు 2:
గెలాక్సీ 500 బ్యాండ్ వాళ్లు ఇదే పాటను నెమ్మదిగా పాడింది చాలా బాగుంటుంది. అలాగే ఆ సింగిల్ రికార్డు రెండో వైపున్న (బి-సైడ్) 'ఇన్ ఎ లోన్లీ ప్లేస్' వదలకండి, అదీ కర్టిస్ ఉండగా కట్టిన పాటే.