అప్‌డేట్: 7603లో 7ఎ22 పెట్టి చూశాను

పవర్ సప్లై రిపుల్ (డీసీ మీద మిగిలిపోయే చిన్న అల) చూడ్డానికి నా పాత టెక్‌ట్రానిక్స్ 7603 ఆసిల్లోస్కోపులో 7ఎ22 ప్లగ్-ఇన్ (అరలో దూర్చే యాంప్లిఫయర్) పనికొస్తుందా, దానికోసం ఇప్పుడున్న 7ఎ18 ప్లగ్-ఇన్‌ని తీసేయాలా అని అడిగాను కదా. భేషుగ్గా పనికొస్తుంది, ఏదీ తీయక్కర్లేదు. ఎడమ రెండు అరలూ వర్టికల్‌వే (సిగ్నల్ ఎత్తు చూపేవి), కుడిది టైమ్‌బేస్‌ది (గీతని అడ్డంగా నడిపేది). కాబట్టి రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మార్చేటప్పుడు పవర్ మాత్రం ఆపండి.

7ఎ18లో అతి చిన్న సెట్టింగ్ తెర మీది ఒక్కో గడికి 5 మిల్లీవోల్టులు, అందుకే ఇన్నాళ్లూ రిపుల్ బదులు గీతే కనిపించేది. 7ఎ22 గడికి 10 మైక్రోవోల్టుల దాకా దిగుతుంది. పైగా డిఫరెన్షియల్, అంటే రెండు ప్రోబుల మధ్య తేడానే చూపిస్తుంది, కాబట్టి రెండిట్లోనూ ఒకేలా చేరే గ్రౌండ్ హమ్ చాలావరకు రద్దయిపోతుంది. అయితే రెండు ప్రోబులూ ఒకేలా సరిచేసి ఉండాలి. రెండిటినీ ఒకే బిందువుకి తగిలించి, గీత చదునయ్యేదాకా ప్రోబు ట్రిమ్మర్ (సరిచేసే చిన్న స్క్రూ) తిప్పాను. ఓపిక కావాలి. 10:1 ప్రోబులతో సున్నితత్వం పదో వంతుకి పడిపోతుందని మర్చిపోకండి.

స్కోపు 100 మెగాహెర్ట్జ్‌ది కదా అని మురిసిపోవద్దు, 7ఎ22 ఒక మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. స్విచింగ్ సప్లైలో వచ్చే సన్నటి స్పైకులకి మళ్లీ 7ఎ18నే దిక్కు. నాది లీనియర్ సప్లై, నాకా బెంగ లేదు. హై ఫ్రీక్వెన్సీ కటాఫ్ నాబ్‌ని 10 కిలోహెర్ట్జ్‌కి తిప్పగానే గీత మీది గరుకంతా తగ్గింది.

టైమ్‌బేస్ గురించి అడిగినవాళ్లకి: నా టైమ్‌బేస్ 7బి53ఎ, దాన్ని లైన్ ట్రిగ్గర్‌లో (మెయిన్స్ కరెంటు లయకి గీత మొదలయ్యేలా) పెట్టండి. మెయిన్స్ నుంచి వచ్చే రిపుల్ కదలకుండా నిలబడుతుంది, మిగతా గోలంతా జారిపోతూ ఉంటుంది.