సిగరెట్ మానడానికి ఫోన్ చేసేదెవరు?

నిదానం: సిగరెట్ మానాలనుకునేవాళ్ళకి ఫోన్‌లో సాయం చేసే క్విట్‌లైన్లు ఉన్నాయి కదా, వాటికి నిజంగా ఫోన్ చేసేదెవరు? అమెరికాలో పొగతాగేవాళ్ళలో ఏడాదికి నూటికి ఒకరు, అటూ ఇటుగా. మిగతావాళ్ళ సంగతేంటి?

పాతకాపు: మిగతావాళ్ళు సొంతంగా మానేస్తారు, లేకపోతే మానరు. గట్టిగా అనుకున్నవాడికి ముక్కూ మొహం తెలియనివాళ్ళ సలహా ఎందుకండీ? ‘నీళ్ళు తాగండి, ఊపిరి గట్టిగా పీల్చండి’ అంటే నికోటిన్ దిగిపోతుందా?

వేకువ: నేను చేశాను. పదకొండేళ్ళు కాల్చాను, ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆడదాన్ని, ఎవరితో చెప్పుకోను? నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్ ముట్టిస్తారని అడిగారు. ‘ఐదు నిమిషాల్లోపే’ అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

పాతకాపు: ఐదు నిమిషాలా! అలవాటు అంత ముదిరితే మీకు కావలసింది చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్, ఫోన్ కాదు.

వేకువ: రెండూ వాడాను. ఒకటి వాడితే రెండోది వాడకూడదా?

గోడమీదపిల్లి: నంబరు సేవ్ చేసుకుని రెండేళ్ళయింది. ఇంకా చేయలేదు.

పాతకాపు: చూశారా? అదీ సంగతి.

నిదానం: మనం ఒక్కసారి చేసి ఊరుకోవడం వేరు, మానే తేదీ పెట్టుకున్నాక వాళ్ళే మళ్ళీ మళ్ళీ చేయడం వేరు. మొదటి రెండు మూడు రోజులే కదా ప్రాణం లాగేసేది, అప్పుడు పలకరిస్తారు. 2019లో పరిశోధనలన్నీ కలిపి చూస్తే, మామూలుగా నూటికి ఏడుగురు మానే చోట ఇలా పలుమార్లు మాట్లాడినప్పుడు పదిమంది మానారు.

పాతకాపు: పది! అంటే తొంభై మంది మళ్ళీ ముట్టించారు.

నిదానం: ఏడు పదయింది, అది చూడండి.

పాతకాపు: తొంభై అండీ, తొంభై.

వేకువ: ఎంతసేపూ ఆ తొంభైయేనా? ఫోన్ చేసినవాళ్ళంతా చేతకానివాళ్ళనేగా మీ ఉద్దేశం? నేరుగా అనేయండి. మీరేమన్నా చేసి చూశారా?

పాతకాపు: చేశాను కాబట్టే అంటున్నా. పదో రోజు మళ్ళీ ముట్టించాను. ఆ సాయంత్రమే, చెప్పిన టైముకి ఫోన్ మోగింది. స్నానంలో ఉన్నాను, మా అమ్మాయి ఎత్తింది. ‘నాన్నా, సిగరెట్ మానడం ఎలా సాగుతోందని అడుగుతున్నారు’ అని తలుపు బయటినుంచి అరిచింది. ‘బ్రహ్మాండంగా ఉందని చెప్పు’ అన్నాను. చెప్పేసింది. ఆ రాత్రే నంబరు బ్లాక్ చేశాను.

నిదానం: మీరు కాకుండా ఇంకెవరు ఎత్తినా విషయం బయటపెట్టకూడదు. అది వాళ్ళ తప్పే.

పాతకాపు: నా బాధ అది కాదు.

వేకువ: మళ్ళీ ముట్టించానని చెప్తే తిట్టరండీ. నేను మూడుసార్లు చెప్పాను. ‘సరే, ఇంకో తేదీ పెట్టుకుందాం’ అన్నారు, అంతే.

పాతకాపు: తిట్టరని తెలుసు. తిట్టేవాళ్ళయితే ఎత్తేవాణ్ణే.

గోడమీదపిల్లి: మొదటిసారి ఎంతసేపు మాట్లాడాలండీ?

వేకువ: నాకు అరగంట పట్టింది. చెవి వేడెక్కిపోయింది.