సముద్రం కనపడాలని ఇసుక దిబ్బ తీసేస్తే నష్టమేంటి?

చీరాల కుర్రోడు:
వాడరేవు దగ్గర మా తాతగారి అరెకరం ఉంది. ముందు నిలువెత్తు ఇసుక దిబ్బ. రెండు గదులు కట్టి శని, ఆదివారాలు అద్దెకిద్దామని ఆలోచన. దిబ్బ లేపేస్తే మంచంమీంచే సముద్రం కనపడుద్ది, ఇసుక పునాదిలో పోసుకోవచ్చు అంటున్నాడు మేస్త్రీ. నాన్న మాత్రం వద్దంటే వద్దంటున్నారు. కారణం అడిగితే చెప్పరు.

దొరువు నీళ్ళు:
బాబూ, మాది బాపట్ల వైపు. మీ స్థలంలో దొరువు, అదే ఇసుకలో తవ్విన నీళ్ళ గుంట, ఉందా? మా చిన్నప్పుడు దాంట్లోకి దిగి, రెండు చేతుల్తో రెండు కుండలు ముంచి కూరమళ్ళకి పోసేవాళ్ళం. పిలిస్తే పలికేంత దూరంలో సముద్రం, దొరువులో తియ్యటి నీళ్ళు! వాననీరు దిబ్బలో ఇంకి, కిందున్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. ఆ మట్టం సముద్రం కంటే అడుగు ఎత్తున ఉంటే, కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీళ్ళేనని లెక్క. దిబ్బ తీస్తే ఆ పై అడుగుకే ఎసరు. మా పక్క పొలం ఆయన ఇసుక అమ్ముకున్నాడు. రెండు ఎండాకాలాలకి ఆ నీళ్ళతో టీ పెడితే పాలు విరిగాయి.

ఇక దిబ్బంటే ఉత్త ఇసుక కుప్ప కాదు. గాలికి గెంతుతూ వచ్చే ఇసుకని రావణాసురుడి మీసాల గడ్డి, మేక గిట్టలాంటి ఆకుల బాలబంద తీగ ఆపుతాయి. తీగని ఇసుక కప్పేస్తే చావదు, కణుపు కణుపుకీ వేరేసి మళ్ళీ పైకొస్తుంది. అల కోసిన అంచున చూడు, వేళ్ళు జడలు జడలుగా వేలాడుతుంటాయి. తుపానులో అల ఆ ఇసుకని లాక్కెళ్ళి సముద్రంలో కాస్త లోపల మేట వేస్తుంది. తర్వాతొచ్చే పెద్ద అల ఆ మేట మీదే విరుగుతుంది. మేట వేయడానికి ఇసుకే లేకపోతే అల తిన్నగా నీ గదుల్లోకొస్తుంది.

తీరం ఫైలు:
చట్టం కూడా ఒప్పుకోదండీ. 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్‌లో ఇసుక దిబ్బలు 1ఏ కింద, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న వర్గంలో ఉన్నాయి. గదులు కట్టాలన్నా ముందు తీర మ్యాపులో మీ సర్వే నంబరు చూసుకోండి.

చీరాల కుర్రోడు:
దిబ్బ తీసేసి సరుగుడు వేస్తే చాలదా అండీ?

దొరువు నీళ్ళు:
సరుగుడు వెనక వరసలో వేసుకో, గాలి ఆపుద్ది. ముందు వేస్తే దాని రాలిన ఆకు చాపలా పరుచుకుని కింద తీగని బతకనివ్వదు. తాబేళ్ళు గుడ్లు పెట్టడానికీ ఒడ్డున ఖాళీ ఇసుక కావాలి. దిబ్బ మీద అడ్డదిడ్డంగా తొక్కకుండా ఒక్కచోట చెక్కబాట వేయించు. అనుమతొస్తే మేడ మీద కుర్చీలేసుకో, సముద్రం ఎక్కడికీ పోదు.

చీరాల కుర్రోడు:
దొరువు ఉందండీ, తాటిమట్టల కింద పూడిపోయింది. పొద్దున నాన్న, నేను కలిసి తీశాం. ఆయనే ముందు దోసిలి పట్టి తాగారు. తియ్యగానే ఉన్నాయి. మేస్త్రీకి ఏం చెప్పాలో చూడాలి, అడ్వాన్సు ఇచ్చేశాను.